జతకు పెట్టిన పాముకు గాయమైతే: ఇంట్లో చూసుకోవాలా, వెట్‌కు చూపించాలా, ఏ మందు వాడాలి, మళ్లీ ఎప్పుడు కలపాలి

ఏటా నవంబరు దాటగానే నా ఫోన్‌కు ఒకే రకం ఫోటోలు రావడం మొదలవుతుంది. ఇంట్లో పెంచుకునే బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) వీపు మీద రెండు మూడు ఎర్రటి గీతలు, కింద ఒక ప్రశ్న: "అన్నా, బెటాడిన్ వేయనా, నియోస్పోరిన్ రాయనా?" అడిగేది ఎక్కువగా ఇక్కడ డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు. మొదటిసారి జత కలిపినవాళ్లు, గాయం చూసి రాత్రంతా నిద్రపోనివాళ్లు. వాళ్ల భయం నాకు తెలుసు. నా మొదటి ఏడాది నేనూ అలాగే ఉన్నాను.

మందు గురించి చెబుతాను. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఇది ఇంట్లో చూసుకునే గాయమేనా? రెండు, ఈ జతను మళ్లీ కలపాలా, వద్దా? నేను చూసినంతలో, ఈ సీసా బదులు ఆ సీసా వాడినందుకు పామును పోగొట్టుకున్నవాళ్లు లేరు. గాయం మానకముందే మళ్లీ మగదాని పక్కన వేసి, రాత్రిళ్లు పెట్టెను చల్లబరుస్తూ, పుండును ముదరబెట్టుకున్నవాళ్లు మాత్రం ఉన్నారు. అందుకే ఈ పోలికలో ఆ రెండు నిర్ణయాలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఆంధ్ర, తెలంగాణల నుంచి చదివేవాళ్లకు ఒక మాట. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన దేశపు పాములను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వాటిని జత కలపడం అన్న మాటే లేదు. గాయపడ్డ పాము కనిపిస్తే అటవీ శాఖకు చెప్పాలి. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములు సైటీస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి, 2024లో వచ్చిన నియమాల కింద కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుడితే ఆ సంగతీ తెలపాలి. కాగితాలు లేని పామును వెట్ దగ్గరికి తీసుకెళ్లడానికి వెనకాడి, ఇంట్లోనే పుండు కుళ్లబెట్టిన సందర్భాలు విన్నాను. అలా జరగకూడదంటే ముందు కాగితాలు సరిచేసుకోండి, ఆ తర్వాత జత గురించి ఆలోచించండి.

గాయం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఎందుకంటే ఒక్కో జాతి ఒక్కో తీరుగా జత కడుతుంది.

బాల్ పైథాన్, బోవా మగవాటికి తోక మొదట్లో, అవస్కరానికి (మలమూత్రాలు, గుడ్లు వచ్చే ద్వారానికి) రెండు పక్కలా చిన్న కొక్కేల్లాంటి గోళ్లు ఉంటాయి. వాటినే స్పర్స్ అంటాం. ఎప్పుడో పోయిన వెనక కాళ్ల గుర్తులవి. మగది వాటితో ఆడదాని వీపు, పక్కలు గీరుతూ దాన్ని ఒప్పిస్తుంది. బాల్ పైథాన్లు ఒకసారి ముడిపడితే కొన్ని గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా అలాగే ఉంటాయి. అంతసేపు గీరితే పొలుసుల మీద గీతలు పడతాయి, ఒకటి రెండు పొలుసులు లేస్తాయి. తోక దగ్గర సన్నటి గీతలు కనిపించి, రక్తం కారకుండా, తడి లేకుండా ఉంటే ఇది మామూలు స్పర్ గీత. కంగారు పడకండి.

కింగ్‌స్నేక్, మిల్క్‌స్నేక్‌ల సంగతి వేరు. మగది ఆడదాని మెడను నోటితో పట్టుకుని జత కడుతుంది. మెడ మీద సూదితో పొడిచినట్టు చుక్కలు వరసగా ఉంటే అవి పళ్ల గుర్తులు. పైకి చిన్నవే, కానీ పాము పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, విరిగి లోపలే ఉండిపోతాయి. పైన మూసుకుపోయిన చుక్క కింద రెండు వారాల తర్వాత గట్టి గడ్డ లేస్తే, లోపల పన్ను ముక్క ఉందేమోనని అనుమానించాలి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కింగ్‌స్నేక్‌లు పాములను తినే పాములు. ఆకలితో ఉన్న ఆడదాని దగ్గర చిన్న మగదాన్ని వదిలితే అది జత కట్టకుండా దాన్ని మింగేయవచ్చు. ముందే మేపి, అరిగేదాకా ఆగి, పక్కనే కూర్చుని చూస్తూ కలపాలి.

కార్న్ స్నేక్‌లకు స్పర్స్ ఉండవు. జత కూడా నిమిషాల్లో అయిపోతుంది. అక్కడ గాయం ఎక్కువగా మన చేతి వల్లే. ముడిపడి ఉన్న జతను లాగి విడదీస్తే మగదాని హెమిపీనిస్ (జననాంగం, మగపాముకు ఇవి రెండుంటాయి) మీద ఉండే చిన్న ముళ్లు రెండింటినీ చీరేస్తాయి. ఏ జాతి అయినా సరే, ముడిపడ్డ పాములను లాగకండి. ఇల్లు ఖాళీ చేయాల్సివచ్చినా రెండింటినీ కలిపే పెట్టెతో మోయండి.

రెండు మగవి ఒకే పెట్టెలో ఉంటే పోట్లాట ఖాయం. కార్పెట్ పైథాన్ మగవి కరుచుకుంటాయి, స్పర్స్‌తో చీల్చుకుంటాయి. అక్కడ లోతైన గాట్లు చూస్తాం. మందకొడిగా ఉన్న మగదాన్ని ఉసిగొల్పడానికి ఇంకో మగదాన్ని కాసేపు వదలడం, లేదా ఇంకో మగదాని కుబుసం తెచ్చి పెట్టెలో వేయడం అని రెండు పద్ధతులు చెబుతారు. నేను కుబుసమే వేస్తాను. వాసన చాలు. పోట్లాట పెట్టి ఒక మగదాన్ని గాయపరచి గుడ్లు సంపాదించడం నాకు ఇష్టం లేదు.

ఇంట్లోనా, వెట్ దగ్గరా?

గాయాన్ని పగటి వెలుతురులో చూడండి. పొలుసు పైపొర మాత్రమే గీసుకుపోయిందా, పొలుసు లేచి కింద గులాబీ రంగు చర్మం కనిపిస్తోందా, లేక చర్మం తెగి లోపలి కండ కనిపిస్తోందా? మొదటిది ఇంట్లో చూసుకోవచ్చు. రెండోది ఇంట్లోనే చూసుకోవచ్చు కానీ రోజూ ఫోటో తీసి పోల్చుకోవాలి. మూడోది వెట్ దగ్గరికే, అదే రోజు.

లోతు ఒక్కటే కాదు, చోటూ ముఖ్యం. కంటి దగ్గర, నోటి లోపల, అవస్కరం పెదవి మీద గీత చిన్నదైనా నేను ఇంట్లో ఉంచుకోను. కంటి మీద పొలుసు పాముకు రెప్పలాంటిది, దాని కింద ఇన్‌ఫెక్షన్ పాకితే చూపు పోతుంది. అవస్కరం దగ్గర పుండు మలమూత్రాలతో రోజూ తడుస్తుంది, పైగా నెల రెండు నెలల్లో గుడ్లు ఆ దారినే రావాలి.

శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు అదిమి పట్టుకున్నా రక్తం ఆగకపోవడం, గాయం నల్లబడటం, వాసన రావడం, పక్కన వాపు గట్టిపడటం, పొట్ట పొలుసులు ఎర్రబారడం, పాము నోరు తెరిచి ఊపిరి తీయడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం ఆపేయాలి. పొట్ట ఎర్రబారడం ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందనడానికి అది ఒక గుర్తు.

మనిషి పుండులో చీము నీళ్లలా కారుతుంది. పాములో అలా కాదు, జున్నులా గట్టిపడి ఉండకట్టుకుంటుంది. దాన్ని పిండితే రాదు, పైన రాసిన మందు లోపలికి దిగదు, ఇంజెక్షన్ మందు కూడా ఆ ఉండ మధ్యకు సరిగా చేరదు. వెట్ కోసి తీయాల్సిందే. అందుకే "ఇంకో వారం చూద్దాం" అన్న మాట పాము గడ్డల విషయంలో ఖరీదైన మాట అవుతుంది.

ఇక ఏ వెట్? కుక్కలు, పిల్లులు చూసే క్లినిక్‌లో చాలాచోట్ల సరీసృపాలను చూడరు. అమెరికాలో ఉంటే సరీసృపాల, ఉభయచరాల వెట్ల సంఘం ఏఆర్‌ఏవీ వాళ్ల జాబితాలో మీ ఊరికి దగ్గరివాళ్లను వెతకండి. రాత్రి ఎమర్జెన్సీ ఆసుపత్రులకు అక్టోబరులోనే ఫోన్ చేసి "పామును చూస్తారా" అని అడిగి పెట్టుకోండి. హైదరాబాద్ వాళ్లయితే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి, రాయలసీమ వాళ్లయితే తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీకి ముందు ఫోన్ చేసి, పాములను చూసే డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోండి. మూడేళ్ల కిందట ఒక ఆదివారం రాత్రి నేను నాలుగు ఆసుపత్రులకు ఫోన్ చేశాను. నాలుగూ కాదన్నాయి. ఆ రాత్రి పడ్డ ఆందోళన మళ్లీ పడకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకొకటి: యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు తెచ్చుకుని సొంతంగా వేయకండి. కొన్ని మందులు నీళ్లు సరిగా తాగని పాము కిడ్నీలను దెబ్బతీస్తాయి, కొన్ని ఇంజెక్షన్ వేసినచోట కండను చంపేస్తాయి. కడుపుతో ఉన్న ఆడదానికైతే ఆ సంగతి డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి.

కడగడానికి: సెలైనా, బెటాడినా, క్లోర్‌హెక్సిడినా?

మామూలు స్పర్ గీతకు నా ఎంపిక సెలైన్. 0.9 శాతం సెలైన్ మందుల షాపులో దొరుకుతుంది. లేదంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి అప్పటికప్పుడు వాడుకోవచ్చు. గోరువెచ్చగా పోసి, గాజుగుడ్డతో అద్ది వదిలేయండి. సెలైన్ సూక్ష్మజీవులను చంపదు నిజమే, కానీ కొత్తగా వస్తున్న చర్మాన్ని కూడా చంపదు. పైపై గీతకు అంతకుమించి అవసరం లేదు.

పొలుసు లేచిపోయి తడిగా ఉన్నప్పుడు, పళ్ల గుర్తులున్నప్పుడు క్రిమిసంహారిణి కావాలి. ఇక్కడ బెటాడిన్, క్లోర్‌హెక్సిడిన్ రెండూ పనిచేస్తాయి, రెండింటినీ పలచబరచే వాడాలి. 10 శాతం బెటాడిన్‌ను పాలు కలపని పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలపాలి. సీసాలోది సీసాలోలాగే పోస్తే గాయం అంచులు మాడిపోతాయి. 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణమైతే ఒక వంతుకు 40 వంతుల నీళ్లు, అంటే లీటరుకు 25 మిల్లీలీటర్లు. సుమారు 0.05 శాతం వస్తుంది. దీన్ని సెలైన్‌తో కలపకండి, మందు అడుగున పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ మంచిది.

రెండింటిలో ఏది? రక్తం, చీము, మట్టి ఉన్నచోట బెటాడిన్ బలం తగ్గిపోతుంది, అందుకే ముందు సెలైన్‌తో కడగాలి. క్లోర్‌హెక్సిడిన్ చర్మాన్ని అంటుకుని కాసేపు పనిచేస్తూనే ఉంటుంది, రంగు అంటదు, గాయం అసలు రంగు మనకు కనిపిస్తుంది. వీపు మీద, పక్కల మీద గాయాలకు నేను అదే వాడతాను. కానీ కళ్లకు అది చాలా ప్రమాదం. తల మీద, మెడ పై భాగంలో గాయమైతే క్లోర్‌హెక్సిడిన్ సీసా పక్కన పెట్టి పలచటి బెటాడిన్‌ను దూదిపుల్లతో అద్దుతాను. మన ఊళ్లలో ఏ మందుల షాపులోనైనా బెటాడిన్ దొరుకుతుంది కాబట్టి ఇండియాలో ఉండేవాళ్లకు అదే తేలిక.

కొనేటప్పుడు ఒక పొరపాటు చాలామంది చేస్తారు. రెండింటికీ "స్క్రబ్" అనే రకం ఉంది, డాక్టర్లు చేతులు కడుక్కునేది. అందులో సబ్బు నురగ కలిసి ఉంటుంది. ఇక్కడ అమెరికా షాపుల్లో తేలికగా దొరికే హైబిక్లెన్స్ అలాంటి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ సబ్బే. పుండులోకి సబ్బు వెళ్లకూడదు. సీసా మీద "సొల్యూషన్" అని ఉందో లేదో చూసి కొనండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ ఈ పోలికలోకే రావు. నురగ వస్తే శుభ్రమవుతోందనిపిస్తుంది, కానీ ఆ నురగ బతికున్న కణాలను కూడా తినేస్తుంది. టీ ట్రీ నూనెను కూడా పాముల దగ్గరికి రానివ్వకండి.

బెటాడిన్ నీళ్లలో పామును నానబెట్టే పద్ధతి కూడా ఉంది. పొట్ట పొడుగునా చాలా గీతలుంటే పనికొస్తుంది. లోతులేని, గోరువెచ్చటి నీళ్లలో 10, 15 నిమిషాలు, పక్కనే మనిషి ఉండి. ఒకటి రెండు గీతలకు మాత్రం నేను నానబెట్టను. పాము ఆ నీళ్లు తాగుతుంది, బెదురుతుంది, గాయం నానిపోతుంది.

పైన రాయడానికి ఏది?

పొడిబారిన గీతకు ఏమీ రాయకపోవడమే మేలు. దీన్ని నమ్మడానికి నాకు ఒక సీజన్ పట్టింది. మా మొదటి ఆడదానికి తోక దగ్గర నాలుగు గీతలు పడితే రోజుకు రెండుసార్లు బయటికి తీసి, కడిగి, ఆయింట్‌మెంట్ మందంగా పూసేవాణ్ణి. దానికి పరుపుగా వేసిన కొబ్బరి పొట్టు ఆ జిడ్డుకు అంటుకుని, గీతలు కాస్తా తడి పుండ్లయ్యాయి. కోతి పుండు బ్రహ్మరాక్షసి అని మా నాయనమ్మ అనేది. వెట్ చూసి, మందు ఆపి, పేపర్ టవల్ మీద పెట్టి, వారం ముట్టుకోకుండా వదిలేయమన్నారు. మానిపోయింది.

తడిగా ఉన్న పచ్చి పుండుకు మాత్రం పైపూత అవసరం. మామూలు నియోస్పోరిన్ ఆయింట్‌మెంట్, అందులో ఉండే మూడు యాంటీబయాటిక్‌లతో, చిన్న గాయాలకు సరిపోతుంది. అయితే నొప్పి తగ్గించే మందు కలిపిన రకం వద్దు, స్టీరాయిడ్ కలిపిన రకం అసలే వద్దు. నొప్పి తగ్గించే తిమ్మిరి మందులు సరీసృపాలకు మోతాదు మించితే విషమవుతాయి, స్టీరాయిడ్ గాయం మానడాన్ని అడ్డుకుంటుంది. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. పూత కనిపించీ కనిపించనంత పలచగా ఉండాలి.

సిల్వర్ సల్ఫాడయజీన్ 1 శాతం క్రీము దీనికంటే బలమైనది. నీటి ఆధారిత క్రీము కావడంతో జిడ్డు పట్టదు, పాము గాయాల్లో తరచూ కనిపించే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా మీద బాగా పనిచేస్తుంది. కాలిన గాయాలకు, పొలుసులు పెద్ద మేర పోయిన చోట్లకు ఇదే మంచిది. అమెరికాలో దీనికి ప్రిస్క్రిప్షన్ కావాలి. అది అవసరమైనంత గాయమంటే వెట్ చూడాల్సిన గాయమే కాబట్టి నాకు అదేమీ ఇబ్బందిగా అనిపించదు.

పసుపు గురించి అమ్మలు తప్పక అడుగుతారు. మనకు తెగితే పసుపే పెట్టారు, దానికెందుకు పెట్టకూడదు అని. వంటింటి పసుపు క్రిములు లేని పొడి కాదు, తడి మీద పడగానే పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు కింద ఏం జరుగుతోందో కనిపించదు, పైగా పసుపు రంగులో చీము రంగు కలిసిపోతుంది. వేపనూనె, కొబ్బరినూనె కూడా చర్మాన్ని మూసేసి దుమ్మును అంటించుకుంటాయి. ప్రేమతో పెట్టేదే అయినా పాముకు పెట్టకండి.

మందు కంటే ఎక్కువ పనిచేసేవి

పెట్టెలోంచి పరుపు మొత్తం తీసేసి పేపర్ టవల్స్ వేయండి. తడిసిన వెంటనే మార్చండి. నీళ్ల గిన్నె పాము దూరి పడుకోలేనంత చిన్నదిగా ఉంచండి.

వేడి సంగతి చాలామంది మరిచిపోతారు. పాము తన ఒంట్లో వేడిని తాను పుట్టించుకోదు. వేడి ఉంటేనే దాని రోగనిరోధక శక్తి పనిచేస్తుంది, గాయం మానుతుంది. కానీ జత సీజన్‌లో మనం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. బాల్ పైథాన్లను జతకు సిద్ధం చేయడానికి చాలామంది రాత్రి ఉష్ణోగ్రతను 24 డిగ్రీల దాకా దించుతారు. గాయపడ్డ పాముకు ఆ చల్లదనం ఆపేయాలి. వెచ్చటి మూల 31, 32 డిగ్రీలు, చల్లటి మూల 26, 27 డిగ్రీలు, రాత్రీ పగలూ. మగదానికి ఇంకా చల్లదనం కావాలనుకుంటే అది దాని పెట్టెలో దానికి ఇవ్వండి. కార్న్, కింగ్‌స్నేక్‌లను చలికాలంలో నెలల తరబడి చల్లని గదిలో నిద్రకు పెట్టేవాళ్లు, మానని గాయంతో ఏ పామునూ ఆ నిద్రకు పంపకండి. అక్కడ మానడం ఆగిపోతుంది, కుళ్లడం మాత్రం నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది.

వెచ్చగా ఉంచమన్నాను కదా అని థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ పెట్టకండి. కడుపుతో ఉన్న ఆడది గంటల తరబడి వెచ్చటి చోటే, ఒక్కోసారి పొట్ట పైకి తిప్పుకుని పడుకుంటుంది. ఈ సీజన్‌లో నేను చూసిన అతి చెడ్డ గాయాలు మగదాని వల్ల అయినవి కావు, అదుపు లేని హీట్ మ్యాట్ మీద కాలినవే.

మళ్లీ కలపాలా? ఇదే అసలు నిర్ణయం

మూడు దారులున్నాయి: కొన్ని రోజులు ఆగి అదే జతను కలపడం, మగదాన్ని మార్చడం, ఈ ఏటికి ఆపేయడం.

పొడి స్పర్ గీతలైతే, ఆడది తింటూ, బరువు నిలుపుకుంటూ ఉంటే, వారం పది రోజులు ఆగి మళ్లీ కలపవచ్చు. ఎలాగూ బాల్ పైథాన్లను రెండు మూడు రోజులు కలిపి, తర్వాత విడిగా ఉంచి, మళ్లీ కలుపుతూ పోతాం. ఆ విడి రోజులను కొంచెం పొడిగిస్తే సరిపోతుంది. మగది రెండోసారి కూడా అదే చోట గీరుతుందని గుర్తుంచుకోండి. పాత గీత మీద కొత్త గీత పడితే అది ఇక చిన్న గాయం కాదు.

మగదాన్ని మార్చడం మంచి ఆలోచనలా కనిపిస్తుంది, ముఖ్యంగా మగది దుడుకుదైతే. మీ ఇంట్లోనే ఏడాదిగా ఉన్న మగది అయితే సరే. కానీ గాయం కాగానే స్నేహితుడి దగ్గర ఇంకో మగదాన్ని అరువు తెచ్చుకుంటామంటే మాత్రం నేను ఒప్పుకోను. కనీసం 90 రోజులు విడిగా ఉంచకుండా కొత్త పామును కలిపితే పేలు వస్తాయి, వైరస్‌లు వస్తాయి. పైథాన్లలో ఊపిరితిత్తులను పట్టే నిడోవైరస్, బోవాల్లో ఐబీడీ (ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ అనే వైరస్ జబ్బు) రెండూ పైకి ఆరోగ్యంగా కనిపించే పాములోనే ఉండవచ్చు. చర్మం తెగి ఉన్న ఆడదాని దగ్గరికి తెలియని మగదాన్ని తేవడం రెండింతల ప్రమాదం. 90 రోజులు ఆగేసరికి సీజన్ అయిపోతుంది. అంటే ఈ దారి నిజానికి మూడో దారే.

ఏటికి ఆపేయడం. పొలుసులు పోయి పచ్చిగా ఉన్న గాయం, కుట్లు పడిన గాయం, అవస్కరం దగ్గరి గాయం, ఇంజెక్షన్లు నడుస్తున్న పాము: వీటన్నింటికీ నా జవాబు ఇదే, ఇందులో రెండో ఆలోచన లేదు. బాల్ పైథాన్ ఆడది గుడ్లు పెట్టేటప్పటికి ఒంట్లో కొవ్వంతా కరిగిపోతుంది, నెలల తరబడి తిండి మానేస్తుంది. పుండు మానడానికీ, గుడ్లు కట్టడానికీ కావాల్సింది ఒకే ఒంటి బలం. బాల్ పైథాన్ ఇరవై ఏళ్లు తేలికగా బతికే జీవి. 1,500 గ్రాములు దాటిన ఆరోగ్యమైన ఆడదానికి వచ్చే ఏడు కూడా సీజన్ వస్తుంది.

ఒకవేళ గాయం చూసేసరికే ఆడది కడుపుతో ఉంటే? నడుము ఉబ్బి అండం విడుదల అయిపోయిందని తెలిస్తే ఇక మగదానితో పని లేదు, తీసేయండి. గుడ్లకు ముందు అది ఒకసారి కుబుసం విడుస్తుంది, దాని తర్వాత ఇంచుమించు నెలకు గుడ్లు పెడుతుంది. ఆ కుబుసంతో పైపై గీతలు చాలావరకు పోతాయి. ఆ నెలలో దాన్ని చేత్తో పట్టుకోవడమే తగ్గించాలి, కడగడం కూడా పెట్టెలోనే, ఎత్తకుండా.

మగదాని హెమిపీనిస్ లోపలికి పోకపోతే

జత విడిపోయాక ఎర్రటి కండలాంటిది కొన్ని నిమిషాలు బయట కనిపించడం మామూలే. అరగంట, గంట దాటినా లోపలికి పోకపోతే అది ఎండిపోవడం మొదలవుతుంది. పేపర్ టవల్ తడిపి దాని మీద పెట్టండి, నీటి ఆధారిత జెల్ రాయండి, ఎండనివ్వకండి. చక్కెరను చిక్కగా కరిగించిన నీళ్లతో తడిపితే వాపు కొంత లాగుతుంది. వేలితో లోపలికి నెట్టకండి. దారిలో తడి గుడ్డ ఉంచి అదే రోజు వెట్‌కు చూపించండి. తెలిసినవాళ్ల కార్న్ స్నేక్‌కు ఇలా అయితే రెండు రోజులు ఆగి తీసుకెళ్లారు, అప్పటికే నల్లబడిపోయింది, తీసేయాల్సి వచ్చింది. ఆ అవయవానికి మూత్రంతో సంబంధం లేదు, రెండోది మిగిలే ఉంటుంది కాబట్టి పాము బాగానే బతికింది. కానీ మొదటి రోజే వెళ్లి ఉంటే అదీ దక్కేది.

ఆడదానికి గుడ్లు పెట్టాక అవస్కరం నుంచి ఏదైనా బయటికి వస్తే అది ఇంకో సంగతి. అందులో గర్భనాళమో, పేగో ఉండవచ్చు. దానికి ఇంటి వైద్యమన్నదే లేదు.

జతతో పాటు వచ్చే ఇంకో రెండు

సీజన్‌లో మగది తిండి మాని, రాత్రంతా పెట్టె మూలల్లో ముక్కు రుద్దుతూ తిరుగుతుంది. ముక్కు పొలుసు అరిగిపోయి పచ్చిగా కనిపిస్తే సెలైన్‌తో తుడిచి, జాలీ మూత తీసేసి నున్నటి మూత పెట్టండి. ఆడదాని వాసన తగలనంత దూరంలో ఉంచితే ఇంకా త్వరగా కుదుటపడుతుంది.

తినడం లేదని కంగారుపడి బతికున్న ఎలుకను పెట్టెలో వదిలి వెళ్లడం ఇంకో పొరపాటు. ఆకలి లేని పామును ఎలుక కొరుకుతుంది, ఒక్కోసారి వెన్ను దాకా. ఎలుక కాటు ఎంత చిన్నదైనా వెట్ చూడాల్సిందే.

ఎన్నాళ్లకు మానుతుంది?

మనిషి గాయంతో పోల్చకండి. పాము చర్మం నెలల లెక్కలో మానుతుంది. గాయపడ్డ పాము మామూలు కంటే త్వరగా కుబుసం విడవవచ్చు, ఒక్కో కుబుసంతో గీత సన్నబడుతుంది. గాయం దగ్గర కుబుసం అతుక్కుపోతే లాగకండి. గోరువెచ్చటి తడిగుడ్డ కప్పిన డబ్బాలో కాసేపు ఉంచితే దానంతట అదే వదులుతుంది. పొలుసులు పోయినచోట మచ్చ మిగలవచ్చు. అది పిల్లలకు రాదు.

గాయాన్ని ముట్టుకునే ప్రతిసారీ గ్లవ్స్ వేసుకోండి, పాత్రలు తోమే సింకులో పామును గానీ దాని గిన్నెను గానీ కడగకండి. పాములకు సాల్మొనెల్లా మామూలుగానే ఉంటుంది. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే ఆ పని వాళ్లు నిద్రపోయాక, తలుపేసి చేయండి.

రోజూ ఒకే వెలుతురులో, పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీయండి. నాలుగో రోజు ఫోటోలో గీత మొదటి రోజు కంటే పెద్దదిగానో, తడిగానో కనిపిస్తే ఆ నాలుగు ఫోటోలనూ వెట్‌కు పంపి, అదే రోజు టైమ్ అడగండి.